తాయెత్తులో సున్నా

ఒంట్లో ప్లాస్టిక్ లేని మనిషి కోసం వకుళ మూడేళ్ళు వెతికింది.

బతికున్నవాళ్ళలో అలాంటివారు దొరకరని మొదటి ఆరునెలల్లోనే తేలిపోయింది. మంచుకొండల్లో గొర్రెలు కాచుకునేవాళ్ళు మొదలుకుని, ఇరవై ఏళ్ళుగా గుహ దాటి రాని ఒక సాధువు దాకా ఎందరి నెత్తురో తెప్పించి చూసింది. సాధువుగారి నెత్తురులో నీళ్ళసీసా మూత పొడి కనబడింది. భక్తులు తెచ్చిపెట్టే నీళ్ళు కదా. సరే, చచ్చిపోయినవాళ్ళలో చూద్దామనుకుంది. వైద్య కళాశాలల్లో గాజుసీసాల్లో దాచిన పాత అవయవాలకు మందునీళ్ళు మార్చినప్పుడల్లా ప్లాస్టిక్ డబ్బాల్లోంచి పోశారు. ఎడారి ఇసుకలో ఎండిపోయిన వెయ్యేళ్ళ నాటి శవానికి కూడా దాన్ని తవ్వినవాళ్ళ చేతితొడుగుల పొడి అంటుకుంది. చచ్చి వెయ్యేళ్ళయినా మనిషిని వదల్లేదు మాయదారి ప్లాస్టిక్కు.

ఇంత వెతుకులాట ఎందుకంటే, జల్లెడ కోసం. మంగళగిరి శివార్లలోని చిన్న ప్రయోగశాలలో వకుళ, ఆమె సహాయకుడు సుభాని కలిసి పదకొండేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రానికి పనివాళ్ళు పెట్టిన పేరది. చూడ్డానికి బీరువా అంత ఉంటుంది. బియ్యపుగింజంత కండ ముక్క ఇస్తే దాన్ని క్షారంలో కరిగించి, కరగకుండా మిగిలిన ప్లాస్టిక్ నలుసుల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతుంది. అంతటితో ఆగదు. కుండ మీద కుమ్మరి వేలిముద్ర ఉన్నట్టు, ఏ కర్మాగారంలో పుట్టిన ప్లాస్టిక్‌లోనైనా ఆ కర్మాగారం వాడిన రసాయనాల జాడ ఉంటుంది. ఆ జాడ పట్టుకుని ఏ నలుసు ఎక్కడ పుట్టిందో, ఏ ఏడాది పుట్టిందో చెప్పేస్తుంది. ఆ గదిలోకి ఎవరు వెళ్ళాలన్నా చెప్పులు, ఫోను, కళ్ళజోడు బయట వదిలి, నూలుబట్టలు కట్టుకుని వెళ్ళాలి. "మసీదులోకి వెళ్ళినట్టే ఉంటది మేడమ్, కాళ్ళు కడుక్కోవడం ఒక్కటే తక్కువ," అనేవాడు సుభాని. కొన్నాళ్ళకి కాళ్ళు కడుక్కోవడం కూడా వచ్చి చేరింది.

జల్లెడ పూర్తిగా పనిచేసిన మొదటి ఏడాది, అప్పుడే పుట్టిన నాలుగువందల మంది పిల్లల బొడ్డుతాళ్ళు పరీక్షించారు. నాలుగువందల్లోనూ ఉంది. దుగ్గిరాల నుంచి వచ్చిన మరియమ్మ అనే బాలింత, బిడ్డని పొత్తిళ్ళలో పెట్టుకుని ఫలితం రాసిన కాగితం వంక చూసింది.

"నేను బిందెలు కూడా ప్లాస్టిక్‌వి వాడనండీ. స్టీలే. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అని అడిగింది.

ఏమీ చెయ్యలేమమ్మా అనే ధైర్యం వకుళకి లేకపోయింది. "బిడ్డకి పాలు బాగా పట్టండి," అంది. ఆ పాలలోనూ ఉందని వకుళకి తెలుసు. ఆ మాట అన్నందుకు తనమీద తనకి పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

మరియమ్మకి చెప్పలేని జవాబు ప్రపంచానికైనా చెప్పాలని పట్టుబట్టింది వకుళ. నూట డెబ్బై దేశాల ప్రతినిధులు ప్లాస్టిక్ తయారీ తగ్గించాలని ఏళ్ళ తరబడి సమావేశమవుతున్నారు. 'తగ్గించాలి' అన్న మాట దగ్గర మూడేళ్ళు, 'ఎవరు' అన్న మాట దగ్గర నాలుగేళ్ళు ఆగిపోయారు. ఆ 'ఎవరు'కి జల్లెడ దగ్గర జవాబుంది. మనుషుల ఒంట్లో ఏ దేశపు ప్లాస్టిక్ ఎంతుందో ఆ లెక్కన ఆ దేశం తయారీ తగ్గించాలి. చిన్న దేశాలన్నీ కలిసి దీన్ని ఆరో నిబంధనగా ఒప్పందంలో పెట్టించాయి. అంతే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎక్కువ తయారుచేసే దేశాలన్నీ ఒక్కసారి లేచాయి.

వాళ్ళ లాయర్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మీ యంత్రం ప్రతి మనిషిలోనూ ప్లాస్టిక్ ఉందంటోంది. లేని మనిషిని చూపిస్తే, లేదని చెప్తుందా? సున్నా చూడని యంత్రం ఒకటిని ఎలా నమ్మమంటుంది?"

వంకర బుద్ధితో అడిగినా తిన్నని ప్రశ్నే. వకుళ వాళ్ళ స్థానంలో ఉన్నా అదే అడిగేది. మూడేళ్ళ వెతుకులాట తర్వాత ఒకటి తేలింది: పరీక్షించింది బొడ్డుతాళ్ళు కాబట్టి సున్నా కూడా బొడ్డుతాడే అయ్యుండాలి. అదీ ప్లాస్టిక్ లోకమంతా పరుచుకోకముందు పుట్టిన మనిషిది. సమావేశం ముగిసేలోపు అది చూపించకపోతే ఆరో నిబంధన కొట్టేస్తారు. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అది వాళ్ళింట్లోనే ఉంది.

*

వకుళని పెంచింది మేనత్త నాంచారమ్మ. తల్లి పురిట్లోనే పోతే, నాన్న మగ్గం మీద నుంచి లేవలేని మనిషైతే, పిల్లాజెల్లా లేని అత్త, మామయ్య తెచ్చుకుని సాకారు. మామయ్య వెంకటప్పయ్య పోయి పదేళ్ళవుతోంది. నాంచారమ్మకి తొంభై ఒకటి. మంగళగిరి పాతవీధిలో అత్తా మేనకోడళ్ళిద్దరూ ఒకరి పోరు ఒకరు పడుతూ ఉంటారు.

ఆదివారం పొద్దున నాంచారమ్మకి తలంటు. నువ్వులనూనె వెచ్చబెట్టి, పెరట్లో పీట వేసి, వీపంతా మర్దన చేసి కుంకుడురసంతో రుద్దడం వకుళ పని. ఆ రోజు వీపు రుద్దుతుంటే మెడలోని నల్లతాడు చేతికి అడ్డం వచ్చింది. తాడు పక్కకి తోసింది. తాడుతోపాటు చిటికెనవేలంత వెండి గొట్టం జారి వెనక్కొచ్చింది. రెండు వైపులా లక్క పెట్టి మూసిన తాయెత్తు. యాభై రెండేళ్ళుగా చూస్తున్నదే. వకుళ చేతులు ఆగిపోయాయి.

"ఏందే అట్టా నిలబడిపోయావు? పురుగేమన్నా పాకిందా?" అంది నాంచారమ్మ, కళ్ళు మూసుకునే.

"అత్తా, ఇందులో ఉన్నది పెదనాన్న బొడ్డే కదూ?"

"మరింకేంది? వాడిదే."

పెదనాన్న అంటే పానకాలు. ముగ్గురు పిల్లలు పుట్టి పోయాక, కొండ మీది పానకాలస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. పంతొమ్మిదివందల ముప్ఫై తొమ్మిదిలో పుట్టాడు. ఊడిన బొడ్డుని నీడలో ఎండబెట్టి వకుళ నాయనమ్మ వెండి గొట్టంలో పెట్టించి తన మెడలో కట్టుకుంది. ఐదేళ్ళు నిండకుండానే మశూచి వచ్చి పిల్లాడు పోయాడు. అప్పటికి నాంచారమ్మ ఏడాది పిల్ల. ఫోటో లేదు, జాతకం లేదు. అన్న గురించి ఆమెకి తెలిసింది తల్లి చెప్పిన ఒక్క ముచ్చటే: కొండమీద స్వామి తన నోట్లో పోసిన పానకంలో సగం తాగి సగం వదిలేస్తాడట కదా, ఈ పిల్లాడూ ఏది పెట్టినా సగం తిని సగం ఎవరికో ఒకరికి ఇచ్చేవాడట. తల్లి పోతూపోతూ తాయెత్తు కూతురి మెడలో కట్టింది. ఉరుము ఉరిమితే నాంచారమ్మ చెయ్యి ఇప్పటికీ దాని మీదకే పోతుంది. యాభై రెండేళ్ళ శాస్త్రవేత్తకి ఐదేళ్ళ పెదనాన్న. వకుళకి ఎప్పుడూ విచిత్రంగానే ఉండేది.

వకుళ విషయమంతా చెప్పింది. దాచలేదు.

"అంటే వాణ్ణి కరిగిస్తావా?" అంది నాంచారమ్మ.

"అవునత్తా."

"ముక్క మిగలదా?"

"మిగలదు. చిన్నది కదా, అంతా కావాల్సిందే."

నాంచారమ్మ తాడు ముందుకి లాక్కుని, తల మీద మిగిలిన నీళ్ళు తనే పోసుకుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ వంట ఆమే చేస్తానని పంతం పట్టింది. కూరల్లో ఉప్పు లేదు. వకుళ కిక్కురుమనకుండా తింది. మళ్ళీ అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనిపించింది. అడక్కుండా ఉండలేకా చచ్చింది. మింగలేక కక్కలేక అంటారే, అదీ.

ఐదో రోజు పొద్దున కాఫీ గ్లాసు ముందు పెట్టి నాంచారమ్మే అడిగింది.

"నా తర్వాత దీన్ని ఎవరు కట్టుకుంటారే?"

వకుళ కాఫీ మీద తేలిన మీగడ పక్కకి తీసింది.

"నువ్వు కట్టుకోవు. నీకు నమ్మకం లేదు. నాతోపాటు కాటికొచ్చి కాలిపోద్ది. వాడి పేరు యాడా రాసి లేదు. రేషను కార్డులో లేదు, రాయి మీద లేదు. నేను పోతే ఇట్టాంటోడు ఒకడు పుట్టాడని చెప్పేవాళ్ళుండరు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ కాగితాల్లో వాడి పేరు రాస్తారా? నంబరు గాదు. పేరు."

"రాయిస్తానత్తా."

"అన్ని దేశాలోళ్ళూ చదివే కాగితమేనా?"

"అన్ని దేశాలవాళ్ళూ."

"అయితే తీసుకో," అని మెడలోంచి తాడు తీసింది. తీసి ఇవ్వడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

*

నమూనాలకి పేర్లుండవు, సంకేత సంఖ్యలే ఉంటాయని సమావేశ కార్యాలయం జవాబు రాసింది. వకుళ ఊరుకోలేదు. మూడు ఉత్తరాలు రాసి, ఒకసారి ఫోనులో దాదాపు పోట్లాడింది. చివరికి 'నమూనా: పానకాలు, మంగళగిరి' అని ఒక్క వరుసకి ఒప్పుకున్నారు. ఆ సమావేశంతో వకుళ నెగ్గిన మొదటి వాదన అదే. నాంచారమ్మకి ఆ వరుస చూపిస్తే, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, "ఇందులో 'పా' ఏది?" అని అడిగి తెలుసుకుంది.

షరతులు చాలానే ఉన్నాయి. ఒకసారికి ఒకటే నమూనా. తాయెత్తు తెరవడం దగ్గర్నుంచి ఫలితం వచ్చేదాకా అన్ని దేశాలవాళ్ళూ కెమెరాలో చూస్తుండాలి. తెరిచిన తర్వాత వెనక్కి తీసుకోవడానికి లేదు. లెక్కలో కూడికలు, తీసివేతలు ఉండకూడదు. యంత్రం సున్నా అంటే సున్నా, లేదంటే లేదు. వకుళ అన్నిటికీ సంతకం పెట్టింది. భయపడాల్సింది ఏముందనుకుంది.

అందులోనే ఒక ప్రశ్న ఉంది: ఇంతకుముందు ఎప్పుడైనా తెరిచారా?

"తొంభై రెండులో పుష్కరాలకి ముందు మీ మామయ్య కంసాలి వీరాచారి కొట్టుకి తీసుకెళ్ళి లక్క కొత్తగా వేయించాడు," అంది నాంచారమ్మ. "కృష్ణలో మూడు మునకలెయ్యాలిగా. పాత లక్క బీటలిచ్చిందని ఆయనకి ఒకటే బెంగ. నేను గొట్టంలోకి చూళ్ళేదమ్మా, అది చూడగూడదు."

లక్క చెట్టు మీది పురుగు ఇచ్చేది. దానితో బాధ లేదు. వకుళ కాగితంలో ఉన్నదున్నట్టు రాసింది. తాయెత్తుని తెరవకుండా కిరణాలతో తీసిన ఛాయాచిత్రంలో, ముక్క చుట్టూ పల్చగా మడతలు మడతలుగా ఏదో కనబడింది.

"ఇదేంటంటారు మేడమ్?" అని అడిగాడు సుభాని.

వకుళ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బట్ట. మాది సాలెవాళ్ళ ఇల్లు సుభానీ. పసుపుకొమ్ము దగ్గర్నుంచి పెళ్ళి పత్రిక దాకా మేం దేన్నైనా బట్టలోనే చుడతాం. మా మామయ్య చుట్టిందే అయ్యుంటుంది. మంచి నూలు."

ఆ మాటని సుభాని నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఆ ఇంట్లో పెరిగిన మనిషి చెప్పింది కదా.

*

సమావేశం ముగియడానికి ఒక రోజు ముందు, పొద్దున పది గంటలకి తాయెత్తు తెరిచారు. గోడకున్న పెద్ద తెర మీద అధ్యక్షుడు, ఆయన వెనక బల్లల వరుసలు, వాటి మీద చిన్నచిన్న జెండాలు. రాత్రంతా వాదించుకున్న ముఖాలు. ముందు వరుసలో ఒక దీవి దేశపు ప్రతినిధి, నడివయసు ఆవిడ, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని కళ్ళార్పకుండా చూస్తోంది. వాళ్ళ ఇసుకలో మూడోవంతు ప్లాస్టిక్కేనని ఆవిడ ఎప్పుడో చెప్పింది.

గాజు గదిలో వకుళ చేతులు సబ్బు, ఉప్పు, స్వేదనజలంతో మూడుసార్లు కడుక్కుని కూర్చుంది. ఉక్కు చాకుతో ఒక చివర లక్కని గీసింది. ఎర్రటి పొడి గాజు పళ్ళెంలో రాలింది. మూత ఊడింది. పట్టకారుతో లోపలిది మెల్లగా బయటికి లాగింది.

బట్ట కాదు.

పల్చటి, పసుపుబారిన పాలిథిన్ కాగితం. నూలు కట్టలకి చుట్టి వచ్చేది. అంచులు అతి శ్రద్ధగా, కొలిచినట్టు మడిచి, చివర దారంతో మూడు చుట్లు చుట్టి ముడేశారు. ఆ ముడి వకుళకి తెలుసు. తెగిన పోగుని అతకడానికి మామయ్య వేసే ముడి అది. చిన్నప్పుడు ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంది. కృష్ణ నీళ్ళు లోపలికి పోతే భార్య గుండె పగిలిపోతుందని, ఆవిడకి చెప్పకుండా, ఆ రోజుల్లో ఇళ్ళలో అపురూపంగా దాచుకునే ఆ కొత్త కాగితాన్ని తెచ్చి చుట్టబెట్టాడు ఆ మహానుభావుడు. ఒక్క చుక్క తడి తగలనివ్వలేదు. ఆయన్ని ఏమని తిట్టాలి?

నలభై రెండేళ్ళ ఒంటి వేడికి ఆ కాగితం పెళుసెక్కింది. విప్పుతుంటే అప్పడంలా విరిగి, పొడిపొడిగా రాలింది. లోపలి నల్లటి, బియ్యపుగింజంత ఎండు ముక్కకి ఆ పొడి అంతా అంటుకుపోయింది.

"డాక్టర్, అది ఏమిటి?" అని అడిగాడు అధ్యక్షుడు.

"పాలిథిన్," అంది వకుళ. మళ్ళీ చెప్పాల్సివచ్చింది.

బల్లల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. దీవి ప్రతినిధి చేతులు గడ్డం కిందనుంచి జారాయి. పరీక్ష ఆపనివ్వమని వకుళ అడిగింది. తెరిచిన తర్వాత ఆపడానికి లేదని ఆమె సంతకం పెట్టిన కాగితమే ఆమెకి చదివి వినిపించారు. ఆమె పానకాలుని క్షారంలో వేసింది. ఇరవై నిమిషాల్లో కరిగిపోయాడు.

జల్లెడ గంటన్నర పనిచేసింది. తెర మీద ఫలితం వచ్చింది. నలుసులు: నలభై ఒక్క వేల చిల్లర. పుట్టిన ఏడాది: పంతొమ్మిదివందల తొంభై ఒకటి. పుట్టిన చోటు: పడమటి తీరంలో ఎప్పుడో మూతబడ్డ ఒక కర్మాగారం. మొత్తం నలుసులన్నిటికీ అదే ఏడాది, అదే చోటు. ఇంకో పుట్టుక ఉన్న నలుసు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి లేదు.

సుభాని మైకు ముందుకి దాదాపు దూకాడు. "చూశారా సార్! మనిషి పోయి దాదాపు యాభై ఏళ్ళయ్యాక చుట్టిన కాగితం అది. మా జల్లెడ దాని ఊరూ పేరూ కూడా చెప్పింది. అది తీసేస్తే మిగిలింది సున్నా! ఇంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి? యంత్రం నిజం చెప్తోందని మీ కళ్ళ ముందే తేలిపోయింది కదా!"

అధ్యక్షుడు మంచివాడే. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనబడింది. ఆయన పక్కనున్న లాయరు ఒక పేజీ తీసి ముందు పెట్టాడు. తీసివేతలు ఉండకూడదు. సున్నాని చూపించాలి, లెక్కగట్టకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. నమూనా తిరస్కరించినట్టు రాసుకున్నారు. వకుళ చూస్తుండగానే తెర మీద 'పానకాలు, మంగళగిరి' అన్న వరుసకి అడ్డంగా గీత పడింది.

"రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఓటింగు," అన్నాడు అధ్యక్షుడు. "ఆలోపు మరో నమూనా తీసుకురాగలిగితే తప్పకుండా చూస్తాం, డాక్టర్. లేకపోతే ఈ నిబంధన పక్కన పెట్టక తప్పదు. నన్ను క్షమించండి."

అప్పుడే ఎవరో మధ్యాహ్న భోజనం సంగతి అడిగారు. దీవి దేశపు ఆవిడ మాత్రం ఇంకా తెర వంకే చూస్తోంది. ఆవిడ చూపు తనని అడిగింది కూడా మరియమ్మ అడిగినదే. వకుళ లేచి కెమెరా ఆపేసింది.

సుభాని అప్పటికే బయటికి పరుగెత్తి ఫోను అందుకున్నాడు. మంగళగిరి, తెనాలి, గుంటూరు, చీరాల, తెలిసిన ప్రతి పాత ఇంటికీ చేశాడు. మధ్యాహ్నం మూడింటిదాకా ఒకటే జవాబు. తాయెత్తులా? అమ్మమ్మ పోగానే కరిగించి పట్టీలు చేయించాం. లోపల ఏముందా? ఏమో, ఊడ్చేశాం. ఒకచోట మాత్రం ఆచూకీ దొరికింది. పిల్లలు పుట్టని కోడలికి ఆ బొడ్డుని అరటిపండులో పెట్టి మింగించారట, కిందటి నెలలోనే.

"ఇంకో ముప్ఫై ఇళ్ళున్నాయి మేడమ్, చూస్తాను," అన్నాడు. ఇద్దరికీ తెలుసు దొరకదని.

*

వకుళ ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. నాంచారమ్మ గడప మీద కూర్చుని ఎదురుచూస్తోంది. ఇత్తడి చెంబులో పానకం కలిపి పెట్టింది. బెల్లం, మిరియాలు వేసి. ఆ రోజు అన్న పేరు అన్ని దేశాలవాళ్ళూ చదివే రోజు కదా.

వకుళ ఖాళీ వెండి గొట్టాన్ని అత్త చేతిలో పెట్టింది. నాంచారమ్మ దాన్ని అరచేతిలో కదిపి చూసింది. బరువు తెలియక మళ్ళీ కదిపింది.

"పనయిందా?"

"లేదత్తా."

వకుళ పక్కన కూలబడి అన్నీ చెప్పింది. కాగితం సంగతి చెప్పకుండా దాటేద్దామనుకుంది. కానీ ఆ మనిషి ముందు అబద్ధం ఆడటం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. నాంచారమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"మూడు చుట్లు చుట్టాడా?" అంది చివరికి.

"మూడు చుట్లు."

"ఆయనంతే. దేనికైనా మూడు చుట్లు." ఆమె గొట్టం మీద బొటనవేలు రుద్దింది. "నీళ్ళు మాత్రం పోలేదుగా?"

"చుక్క పోలేదత్తా."

"వాడి ఒంట్లో... ఆ కాగితం గాక, వాడిలో ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు. పెదనాన్న శుభ్రంగా ఉన్నాడు. నేను చూశాను. అందరూ చూశారు."

"మరి రాయలేదేం?"

వకుళ పానకం చెంబు వంక చూసింది. పదకొండేళ్ళు, నాలుగువందల మంది పిల్లలు, నూట డెబ్బై దేశాలు. ఇంత పెద్ద లోకానికి ఒక్క పిల్లాడి బొడ్డు కావలసివచ్చింది, అదీ పోయింది. పోగొట్టింది ప్రేమ. అడ్డుకోగలిగింది తను. బట్ట అని ఎంత ధీమాగా చెప్పింది!

ఉన్నట్టుండి ఆమె తలెత్తింది. అత్త నలభై మూడులో పుట్టింది. రేపు పన్నెండు గంటలదాకా టైముంది.

"అత్తా, నీది? నీ బొడ్డు? నాయనమ్మ అది కూడా దాచి ఉంటుంది కదా? ఏ పెట్టెలోనో, ఏ మూటలోనో... గుర్తు చేసుకో అత్తా!"

నాంచారమ్మ ఆమె వంక వింతగా చూసింది.

"నాదా? ఆడపిల్ల బొడ్డు ఎవరు దాస్తారే? ఊడగానే మంత్రసాని దిబ్బలో పారేసి ఉంటది." ఆ మాట ఆమె బాధపడుతూ అనలేదు. నీళ్ళు పల్లానికి పోతాయని చెప్పినట్టు చెప్పింది.

వకుళ తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. వీధిలో ఎవరింట్లోనో మగ్గం ఆడుతోంది. ఆ కాలంలో ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లలు పుట్టి ఉంటారో లెక్కపెట్టబోయి మానేసింది.

నాంచారమ్మ ఆమె భుజం తట్టింది.

"అయినా బొడ్డుతో పనేముందే? నేనున్నాగా. వాడు పుట్టిన ఇంట్లోనే పుట్టా, వాడు తాగిన పాలే తాగా. నా చెయ్యి కోసుకుని చూపించండి వాళ్ళకి." అని రవిక చెయ్యి పైకి లాగి, ఎండిన కట్టెలాంటి చేతిని వకుళ ఒళ్ళో పెట్టింది. "నేను బయట కూడు కూడా తిననే. ఏం, పనికిరానా?"

వకుళ ఆ చెయ్యి పట్టుకుంది. తొంభై ఒక్క ఏళ్ళు కృష్ణ ఒడ్డు దాటని చెయ్యి.

"పనికిరావత్తా," అంది.

"ఎవరూ పనికిరారా?"

"ఎవరూ పనికిరారు."

నాంచారమ్మ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, కాసేపు దాన్నే చూసుకుని, చీర కొంగుతో మోచేతి దాకా గట్టిగా తుడుచుకుంది.